పాత చైనా నగలు, జేడ్ చెక్కడాల ఫొటోలు: ఏ లైటు, ఏ నేపథ్యం, ఏ కెమెరా?

పాత చైనా నగలు, జేడ్ (ఎక్కువగా ఆకుపచ్చగానో తెల్లగానో ఉండే గట్టి రాయి) చెక్కడాలు ఫొటో తీయాలనుకునేవాళ్లు ముందుగా కెమెరా సంగతే అడుగుతారు. డబ్బు పెట్టాల్సిన వరస మాత్రం దానికి తలకిందులు. మొదట లైటు, తర్వాత ట్రైపాడ్, ఆ తర్వాతే లెన్సు, కెమెరా. ట్యూబ్‌లైటు కింద ఖరీదైన కెమెరాతో తీసిన ఫొటో కంటే సరైన వెలుతురులో మామూలు ఫోనుతో తీసిన ఫొటోనే రాయి గురించి ఎక్కువ చెబుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ వస్తువుల్లో రాయి, లోహం రెండూ కలిసుంటాయి. వాటికి కావలసిన వెలుతురు ఒకటి కాదు. బంగారు పూత వేసిన వెండి తన ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. చుట్టూ తెల్లటి వెడల్పాటి తలం లేకపోతే నల్లబడి కనిపిస్తుంది. జేడ్ అలా కాదు. వెలుతురును కొంత లోపలికి రానిచ్చి వెనక్కి పంపుతుంది. దాని మీది చెక్కడం నీడల వల్లే తెలుస్తుంది కాబట్టి, పక్క నుంచి ఒకే దిక్కున వచ్చే వెలుతురు కావాలి. రెండింటికీ సమంగా కుదిరే అమరిక లేదు. అందుకే ఫొటో దేనికోసమో ముందే తేల్చుకోవాలి: అమ్మకానికా, ఇంట్లో వస్తువుల రికార్డుకా, నిపుణుడికి చూపించి అసలుదో కాదో అడగడానికా?

రాయిని బట్టి లైటు మారుతుంది

జేడ్ అనే పేరు రెండు వేర్వేరు రాళ్లకు ఉంది: నెఫ్రైట్, జేడైట్. చైనాలో వేల ఏళ్లుగా చెక్కుతూ వచ్చింది నెఫ్రైట్‌ను. షిన్‌జియాంగ్‌లో ఖోటాన్ దగ్గరి నదుల్లో దొరికిన తెల్ల, లేత ఆకుపచ్చ, నల్ల రాళ్లు ఆ జాతివే. ఎంత పాలిష్ పట్టినా మైనం రాసినట్టు మెత్తటి నిగారింపే ఉంటుంది. బర్మా ఉత్తరాన కచిన్ కొండల జేడైట్ పెద్ద ఎత్తున చైనాకు రావడం 18వ శతాబ్దంలో మొదలైంది. దానిది గాజు తళుకు. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చినవాళ్ల పాత పెట్టెలో ముదురు ఆకుపచ్చ ఉంగరపు రాయి ఉండి, అది జేడ్ అయితే, జేడైట్ అయ్యే అవకాశమే ఎక్కువ.

ఫొటో తీసేవాళ్లకు ఈ తేడాతో పని ఉంది. నెఫ్రైట్ మీద లైటు ప్రతిబింబం అంచులు కరిగిపోయి పరుచుకుంటుంది కాబట్టి లైటులో చిన్న లోపాలున్నా బయటపడవు. జేడైట్ మీద మాత్రం ఎల్‌ఈడీ పట్టీలోని ఒక్కో బల్బూ విడివిడిగా చుక్కలా కనిపిస్తుంది. ఉబ్బెత్తు పాలిష్ రాయి మీద ఆ చుక్కల వరస పడిందంటే, తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ శుభ్రంగా తీయలేరు.

లైట్లలో ఏది?

ఖర్చు లేనిది ఉత్తరం వైపు కిటికీ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు. ఉదయం పదింటి నుంచి మూడింటి దాకా వెలుతురు దాదాపు నిలకడగా ఉంటుంది. వస్తువును కిటికీకి అరమీటరు నుంచి మీటరు దూరంలో పెట్టి, రెండో వైపు తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే నెఫ్రైట్ చెక్కడాలకు ఇంతకంటే మంచి లైటు కొనాలన్నా దొరకడం కష్టం. లోపం ఒకటే. మబ్బు కదిలితే రంగు మారుతుంది. ఇరవై వస్తువులు ఒకే తీరుగా రావాలంటే కిటికీ పనికిరాదు. గదిలో లైట్లన్నీ ఆర్పేయడం మరవకండి. పగటి వెలుతురులో ట్యూబ్‌లైటు కలిస్తే తెల్ల జేడ్‌కు ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు వస్తుంది. వైట్ బ్యాలెన్సుతో (తెలుపును తెల్లగా చూపించే కెమెరా సర్దుబాటు) ఆ రెండింటినీ ఒకేసారి సరిచేయలేం.

ఆన్‌లైన్‌లో ఎక్కువగా అమ్ముడుపోయేది లైట్ టెంట్, అంటే 40 నుంచి 60 సెం.మీ. తెల్ల గుడ్డ పెట్టె. కరీంనగర్ వెండి తీగ పని లాంటి సన్నటి తీగల కొప్పు పిన్నులకూ, బంగారు పూత బ్రోచ్‌లకూ, మీనా పని బొత్తాలకూ ఇది బాగా కుదురుతుంది. తీగ చుట్టూ తెలుపే ఉంటుంది కాబట్టి ఎక్కడా నల్లటి మచ్చ పడదు. జేడ్ చెక్కడాన్ని మాత్రం ఇది పాడుచేస్తుంది. వెలుతురు అన్ని వైపుల నుంచీ వచ్చేసరికి నీడలు పోయి, డ్రాగన్ పొలుసులు అచ్చు వేసిన గీతల్లా ఉంటాయి. రాయి మీదంతా తెల్ల గుడ్డ ప్రతిబింబం పరుచుకుని, ముదురు ఆకుపచ్చ కూడా బూడిద పట్టినట్టు వెలిసిపోతుంది. టెంటు ఇప్పటికే కొనేసి ఉంటే ఒక పక్క గోడకు లోపల నల్ల చార్టు అంటించండి. చెక్కడం కొంత తేలుతుంది. పైన ఎల్‌ఈడీ పట్టీ ఉన్న రకమైతే, పట్టీకి 5 నుంచి 8 సెం.మీ. కింద ట్రేసింగ్ పేపరు కట్టాలి.

కలగలుపు సేకరణకు మేం సిఫారసు చేసేది రెండు చిన్న ఎల్‌ఈడీ ప్యానెళ్లు, రెండు స్టాండ్లు, ఓ ట్రేసింగ్ పేపరు చుట్ట. ప్యానెల్ కొనేటప్పుడు ఎన్ని వాట్లని చూడకండి, సీఆర్‌ఐ చూడండి. లైటు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో 100కు చెప్పే అంకె అది. 95 కంటే తక్కువైతే వద్దు. రంగు ఉష్ణోగ్రత 5000 నుంచి 5600 కెల్విన్ మధ్య స్థిరంగా ఉండాలి. మొదటి ప్యానెల్‌ను వస్తువుకు కొంచెం వెనకగా, పక్క నుంచి 30 డిగ్రీల ఎత్తులో పెట్టి, ముందు ట్రేసింగ్ పేపరు వేలాడదీయాలి. ప్యానెల్‌ను ఆ పేపరుకు దగ్గరగా జరిపితే నీడ గట్టిబడుతుంది, దూరంగా జరిపితే మెత్తబడుతుంది. సర్దుబాటంతా అక్కడే ఉంది. రెండో ప్యానెల్‌తో నేరుగా వెలుతురు వేయకుండా, తెల్ల థర్మాకోల్ మీదికి తిప్పి అక్కడి నుంచి వచ్చే వెలుతురును వాడుకోవాలి. లోహం ఉన్న నగకు ఆ థర్మాకోల్‌ను దగ్గరికి తెస్తే చాలు, టెంటు చేసే పనిలో ముప్పాతిక వంతు జరిగిపోతుంది.

పక్క వెలుతురు ఎంత ముఖ్యమో తైపే నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలోని జేడైట్ క్యాబేజీని చూస్తే తెలుస్తుంది. 18.7 సెం.మీ. ఉన్న ఒకే రాయి. కాడ వైపు తెలుపు, ఆకు వైపు ఆకుపచ్చ. ఆకుల మీద రెండు పురుగులు కూర్చున్నాయి, అవీ ఆకుపచ్చే. రంగులో తేడా లేదు కాబట్టి ఎదుటి నుంచి లైటు వేస్తే అవి ఆకులో కలిసిపోతాయి. పక్క నుంచి వేస్తేనే కాళ్లూ మీసాలూ విడిగా నిలుస్తాయి. తెలుపూ ముదురు ఆకుపచ్చా ఒకే రాయిలో ఉన్న చెక్కడాలు పాత నగల్లోనూ ఎదురవుతాయి. అలాంటప్పుడు తెలుపు చెడకుండా ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి రానిచ్చే వెలుతురు) పెట్టి, ఆకుపచ్చ భాగానికి థర్మాకోల్‌తో వెలుతురు పెంచాలి.

రింగ్ లైటు వద్దు. ప్రతి రాయి మధ్యలోనూ గుండ్రటి సున్నా పడుతుంది. కెమెరా మీది ఫ్లాష్ సంగతీ అంతే.

ఇక వెనక వెలుతురు. దీన్ని పై లైట్లకు బదులుగా కాదు, వాటికి అదనంగా వాడాలి. చిన్న ఎల్‌ఈడీ టార్చిని రాయి వెనక పెట్టి, రాయి ఆకారానికి సరిపోయేలా నల్ల చార్టులో కంత కోసి, చుట్టుపక్కల నుంచి వెలుతురు కారకుండా చేయాలి. గది చీకటిగా ఉండాలి. పగుళ్లు, అతికించిన చోట్లు, లోపలి మబ్బులు, రంగు వేసిన జేడైట్‌లో పగుళ్ల వెంబడి పేరుకున్న ఆకుపచ్చ సాలెగూడు గీతలు ఇందులో కనబడతాయి. అయితే రాయికి రసాయన శుద్ధి జరిగిందో లేదో ఫొటో తేల్చదు. యాసిడ్‌లో ఉడికించి పాలిమర్ ఎక్కించిన జేడైట్‌ను నిర్ధారించాలంటే ల్యాబులో ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష జరగాలి. ఇంకో మాట: వెనక వెలుతురుతో తీసిన ఫొటోను ప్రధాన చిత్రంగా పెట్టి అమ్మితే కొన్నవాళ్లు గొడవకు రావడం ఖాయం. చేతిలో ఆ రాయి ఎన్నడూ అలా మెరవదు. 'వెనక వెలుతురుతో' అని కింద రాసి రెండో చిత్రంగా పెట్టండి. టార్చి హాలోజెన్ అయితే వాడొద్దు. ఆ వేడికి పాత జిగురు, మైనం మెత్తబడతాయి.

పోలరైజర్ కొనాలా?

లెన్సుకు పెట్టే పోలరైజర్ (ఒక దిక్కున కంపించే వెలుతురునే రానిచ్చే ఫిల్టరు) రాయి మీది తళుకును తగ్గిస్తుంది, లోహం మీది దాన్ని తగ్గించలేదు. రాయి మీద కూడా కెమెరా ఒక ప్రత్యేక కోణంలో ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. జేడ్‌కు అది తలం నుంచి దాదాపు 32 డిగ్రీలు. గుండ్రటి చెక్కడంలో ఆ కోణం ఒకటి రెండు చోట్లే కుదురుతుంది కాబట్టి అక్కడ మాత్రమే తళుకు పోయి, రాయి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

లైట్ల మీద కూడా పోలరైజర్ ఫిల్మ్ వేసి, లెన్సు మీదిదాన్ని దానికి అడ్డంగా తిప్పే పద్ధతి వేరు. తళుకు పూర్తిగా పోయి రాయి లోపలి అసలు రంగు, మచ్చలు తేలతాయి. రంగు రికార్డుకు అదే ఉత్తమం. కానీ జేడ్ సబ్బు ముక్కలా కనిపిస్తుంది, బంగారు పూత నల్లబడుతుంది, కనీసం రెండున్నర మూడు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). మ్యూజియం కేటలాగుకో, బీమా రికార్డుకో తప్ప కొనాల్సిన అవసరం లేదు.

నేపథ్యం రాయి రంగును మార్చేస్తుంది

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. పలుచని జేడైట్ వెనక ఏ రంగు ఉంటే దాన్ని కొంత తనలో కలిపేసుకుంటుంది. తెల్ల కాగితం మీద పెడితే కాగితం నుంచి వెలుతురు రాయిలోకి తిరిగొచ్చి ఆకుపచ్చ లేతగా, ప్రకాశంగా కనిపిస్తుంది. అదే రాయిని నల్ల వెల్వెట్ మీద పెడితే ముదురుగా ఉంటుంది. ఎర్ర పట్టు మీద పెడితే అంచులు మట్టిరంగుకు తిరుగుతాయి. అమ్మేవాళ్లు నగలను ఎర్ర పట్టు పెట్టెలో పెట్టి ఫొటో తీస్తారు కదా, ఆ చిత్రం చూసి రంగు మీద ఒక అభిప్రాయానికి రాకూడదు.

అన్నిటికీ ఒకటే కొనాలంటే మధ్యస్థ బూడిదరంగు మ్యాట్ కాగితం కొనండి. దాని మీద పారదర్శక యాక్రిలిక్ దిమ్మ పెట్టి, రాయిని 3 నుంచి 5 సెం.మీ. ఎత్తులో ఉంచితే నేపథ్యం ప్రభావం తగ్గుతుంది, నీడ కూడా కిందికి పోతుంది. మేక కొవ్వు తెలుపు అని చైనావాళ్లు పిలిచే నెఫ్రైట్‌కు తెల్ల నేపథ్యం అసలు వద్దు, అంచు కనబడదు. తప్పక తెల్లదే వాడాల్సి వస్తే, కెమెరా మీటరు దాన్ని బూడిదగా చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ 1 నుంచి 1⅔ స్టాపులు పెంచాలి. నల్ల నేపథ్యమైతే ఒక స్టాపు తగ్గించాలి. నల్ల వెల్వెట్‌తో ఇంకో తలనొప్పి దుమ్ము. తీగ పనిలో దూరిన ఒక్కో నూలు పోగూ ఫొటోలో తాడులా కనబడుతుంది.

ఇప్పుడు కెమెరా

ఫోనుతో తీసేవాళ్లు ప్రధాన లెన్సును వస్తువు దగ్గరికి తీసుకెళ్లకూడదు. అది 24-26 మి.మీ. వైడ్ లెన్సు. పది సెం.మీ. దూరం నుంచి తీస్తే గుండ్రటి జేడ్ చేతిగాజు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, బుద్ధుడి ముక్కు పెరుగుతుంది. 2 రెట్లు లేదా 3 రెట్ల టెలి లెన్సు ఉంటే దాన్ని ఎంచుకుని 30-40 సెం.మీ. వెనక్కి జరగండి. మాక్రో మోడ్ (బాగా దగ్గరి ఫొటోలకు ఉన్నది) చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ లెన్సుకు మారిపోతుంది. 2-3 సెం.మీ. దగ్గరికి వెళ్లాల్సి రావడంతో ఫోను నీడే వస్తువు మీద పడుతుంది. 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా లేనట్టే లెక్క. ప్రో మోడ్‌లో రా ఫైలు (ఫోను మార్పులు చేయని ముడి ఫొటో) తీయడం మంచిది. ఫోను తనంతట తాను చేసే నునుపు, పదును కలిసి నెఫ్రైట్ మైనపు నిగారింపును గాజులా మార్చేస్తాయి. అసలు నకిలీ అడగడానికి పంపే ఫొటోలో పోకూడనిది ఆ నిగారింపే.

విడి కెమెరా తీసుకుంటే ఫుల్ ఫ్రేమ్‌కు (పెద్ద సెన్సరు) 90-105 మి.మీ., ఏపీఎస్-సీకి (దానికంటే చిన్న సెన్సరు) 60 మి.మీ. మాక్రో లెన్సు సరిపోతుంది. డబ్బు తక్కువగా ఉంటే 50 మి.మీ. లెన్సుకూ కెమెరాకూ మధ్య 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ తగిలించి సగం నిజ పరిమాణం (సెన్సరు మీద పడే బొమ్మ వస్తువులో సగం) దాకా వెళ్లవచ్చు. నష్టమేమిటంటే లెన్సు వస్తువుకు సుమారు 15 సెం.మీ. దగ్గరికి వస్తుంది. అదే పెద్దతనంతో 100 మి.మీ. లెన్సు దాదాపు రెట్టింపు దూరంలో ఉంటుంది. పక్క వెలుతురు వేయడానికి చోటు కావాలి కాబట్టి మాక్రో లెన్సుకు పెట్టే డబ్బులో సగం ఆ దూరం కోసమేనని అనుకోండి.

అపర్చర్ (లెన్సు లోపలి కంత; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) మూసేస్తే అంతా ఫోకస్‌లోకి వస్తుందన్నది కొంతవరకే నిజం. ఫుల్ ఫ్రేమ్‌లో నిజ పరిమాణంలో ఎఫ్/8 దగ్గర ఫోకస్ లోతు ఒక మిల్లీమీటరే. సగం పరిమాణంలో ఎఫ్/11 దగ్గర సుమారు 4 మి.మీ. ఎఫ్/22 దాకా మూస్తే నిజ పరిమాణంలో అది ఎఫ్/44లా పనిచేసి చిత్రమంతా మసకబారుతుంది. 15 మి.మీ. మందం ఉన్న పతకానికి ఎఫ్/11 వద్ద 2 మి.మీ. చొప్పున ఫోకస్ జరుపుతూ ఎనిమిది తొమ్మిది ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లేదా ఫొటోషాప్‌లో కలపాలి. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమరు, ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆఫ్.

స్కానరు? వినడానికి వింతగా ఉన్నా, చదునైన జేడ్ బిళ్లలకు, కంతలు కొట్టిన పలకలకు బాగానే వస్తుంది. ఎప్సన్ వీ600 లాంటి సీసీడీ రకమే కావాలి. కేనన్ లైడ్ వంటి సీఐఎస్ రకాల్లో అద్దానికి తగిలిన భాగం తప్ప మిగతాది మసక. జేడ్ గట్టిదనం 6 నుంచి 7, మామూలు అద్దానిది సుమారు 5.5. గీత రాయి మీద కాదు, స్కానరు మీద పడుతుంది. మధ్యలో పలుచని పారదర్శక షీటు వేయండి.

వస్తువును బట్టి జాగ్రత్తలు

లకుముకి పిట్ట ఈకలు అతికించిన కొప్పు పిన్నులు అన్నిటికంటే కష్టం. ఆ నీలం పూసిన రంగు కాదు, ఈక నిర్మాణంలోంచి వచ్చేది. లైటు కోణం మారితే ఛాయ మారుతుంది. ప్యానెల్‌ను మూడు చోట్ల పెట్టి తీసి, కంటికి కనిపించినదానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. వీటిలో సీతాకోకలు, పూలు సన్నటి స్ప్రింగు తీగల మీద ఉంటాయి, ఊపిరికే ఊగుతాయి. ఫ్యాన్, ఏసీ ఆపి, మీరు కదిలాక పది సెకన్లు ఆగి తీయాలి. ఊగుతున్న పువ్వుతో ఫోకస్ స్టాకింగ్ చేస్తే రేకులు రెండేసి వస్తాయి. బ్లోయరు కొట్టొద్దు, తడి గుడ్డ తగలనివ్వొద్దు. ఈకల్లాంటి సున్నితమైన వాటిని మ్యూజియంలు 50 లక్సుల (వెలుతురు కొలత) మసక వెలుతురులోనే ఉంచుతాయి కాబట్టి షాట్‌కూ షాట్‌కూ మధ్య లైటు ఆర్పేయండి.

నశ్యం బుడ్డిని మూతతో ఒకటి, మూత తీసి మూతి కనబడేలా ఒకటి, వెనక వెలుతురుతో ఒకటి తీయాలి. లోపల ఎంత పలుచగా తొలిచారో మూడో దానిలోనే తెలుస్తుంది. చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ (పాలన 1735-1796) ఇష్టపడి సేకరించిన హిందుస్తానీ జేడ్ పాత్రల అందం కూడా ఆ పలుచదనంలోనే ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం జేడ్ గదిలో మొఘల్ పనితనాన్ని కళ్లారా చూడొచ్చు. ఏ మ్యూజియంలోనైనా, ఫొటోలకు అనుమతి ఉంటే, లెన్సుకు తగిలించిన రబ్బరు హుడ్‌ను అద్దానికి ఆనించి తీయడమే మార్గం.

పాత జేడ్‌ను ఉలితో చెక్కలేదు. ఇసుక, నీళ్లతో అరగదీశారు. పక్క వెలుతురును 10-15 డిగ్రీలకు దించితే ఆ అరుగుదల గీతలు కనబడతాయి. పూసలకూ పతకాలకూ ఉన్న రంధ్రాన్ని దగ్గరగా తీయండి. పాతవాటిలో తరచూ రెండు వైపుల నుంచీ తొలుస్తూ వచ్చి మధ్యలో కలిసినచోట చిన్న గట్టు ఉంటుంది. నిపుణులు ముందు అడిగేది ఆ ఫొటోనే. పూసల దండను వేలాడదీయకండి. పాత దారం బరువు మోయదు.

వెండి మీది ముద్రలకు ఒకే పక్క నుంచి, దాదాపు తలానికి ఆనుకున్నంత పల్లంలో లైటు వేయాలి. చైనా అక్షరాల ముద్రతో పాటు ఇంగ్లీషులో 'చైనా' అని ఉంటే అదీ స్పష్టంగా రావాలి. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం 1891 మార్చిలో అమలయ్యాక అమెరికా వెళ్లే సరుకు మీద తయారీ దేశం పేరు ఉండాల్సి వచ్చింది కాబట్టి, కాలం అంచనా వేయడానికి ఆ ముద్ర ఒక ఆధారం.

జేడ్‌ను పట్టుకోవడానికి నూలు గ్లోవ్స్ వద్దు, జారతాయి. కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. కింద మందపాటి టవల్ పరవండి. వెండికి మాత్రం నైట్రైల్ గ్లోవ్స్.

ఏది కొనాలి?

ఇంట్లో నాలుగైదు వస్తువుల రికార్డు కోసమైతే కిటికీ, థర్మాకోల్, ఫోను, బూడిద కాగితం చాలు. ఏమీ కొనొద్దు. నిపుణుడి అభిప్రాయానికి పంపాలంటే వీటికి టార్చి, మి.మీ. స్కేలు చేర్చండి. స్కేలు వస్తువు ముందు తలంతో సమానమైన ఎత్తులో ఉండాలి, లేకపోతే కొలత తప్పుతుంది. క్రమం తప్పక అమ్మేవాళ్లకు రెండు ప్యానెళ్లు, మాక్రో లెన్సు తప్పవు. సరుకులో ఎక్కువ భాగం తీగ పని, మీనా పని అయితేనే టెంటు.

రంగు, ఎడిటింగ్

ఆకుపచ్చ రాయి ఫ్రేమంతా నిండితే ఆటో వైట్ బ్యాలెన్సు దానికి విరుగుడుగా గులాబీ ఛాయ కలిపి రాయిని నీరసంగా చూపిస్తుంది. లైట్లు అమర్చిన ప్రతిసారీ ముందు గ్రే కార్డుతో (ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట) ఒక ఫొటో తీసి, మిగతావాటికి దాని విలువే వాడండి. పసుపు దీపం కింద జేడైట్ పచ్చదనం ఉన్నదానికంటే బాగుంటుంది. దీపం వెలుతురులో జేడ్ రంగు చూడొద్దని చైనా వ్యాపారుల్లో మాట ఉంది. లావెండర్ జేడైట్ అయితే లైటును బట్టి గులాబీకీ బూడిదకీ మధ్య ఊగుతుంది, గ్రే కార్డు లేకుండా దాన్ని తీయనే వద్దు.

తెల్ల నెఫ్రైట్‌లో రాయి ఒంటి మీద ప్రకాశం విలువ (0 అంటే నలుపు, 255 అంటే పూర్తి తెలుపు) 235 దాటకుండా చూసుకోండి. తళుకు చుక్క 255కి తగిలినా ఫర్వాలేదు. సాచురేషన్ (రంగు గాఢత) స్లయిడరు ముట్టుకోవద్దు. దుమ్ము చుక్కలు తీసేయవచ్చు. పగులు, పెచ్చు ఊడిన చోటు, అతుకు మాత్రం తీయకూడదు, వాటికి విడిగా దగ్గరి ఫొటో ఉండాలి. చివరికి ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు తెరల రంగుల ప్రమాణం), పొడవు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గని జేపెగ్‌గా దాచి, రా ఫైలూ గ్రే కార్డు ఫొటోనూ అదే ఫోల్డర్‌లో ఉంచండి.